కూచిపూడి భాగవత మేళాల గ్రామ ప్రదర్శనలు

కూచిపూడి భాగవత మేళాలు కృష్ణా జిల్లా, మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామానికి చెందిన సంచార నాట్య బృందాలు. నృత్య, గాన, అభినయాలను వంశపారంపర్యంగా అభ్యసించిన ఈ కళాకారులు ఊరూరా తిరిగి, రాత్రివేళ ఆరుబయట, టిక్కెట్టు లేకుండా కలాపాలను, యక్షగానాలను ప్రదర్శించేవారు. నేడు నగరాల సభామందిరాలలో కనిపించే కూచిపూడి నాట్యం ఈ వీధి ప్రదర్శనల నుండి వచ్చినదే. చూసేవారికి ఇవి ఉచితమే గాని, ఆడేవారికి ఇది జీవనాధారం. ఆ ఖర్చును ఊరి పెద్దలు గాని, ఊరంతా కలిసి గాని భరించేవారు.

చరిత్ర

ఈ మేళాల గురించిన పాత ఆధారాలలో మాచుపల్లి కైఫియత్తు ముఖ్యమైనది. వినుకొండ, బెల్లంకొండ ప్రాంతాల నుండి వచ్చిన కూచిపూడి భాగవతులు, సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు పన్నుల కోసం స్త్రీలను హింసించటం చూసి, విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట ఆ దృశ్యాన్నే కేళికగా ప్రదర్శించారని అందులో ఉన్నది. రాజు సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడట. పండితులు ఈ ఘటనను 1502 నాటిదిగా చెబుతారు. ఊరూరా తిరిగే మేళం పల్లెలకు వినోదాన్ని తీసుకువెళ్ళటమే కాక, పల్లెల కష్టాన్ని రాజు వద్దకు చేర్చినదని ఈ కథ వలన తెలుస్తున్నది.

భామాకలాపాన్ని సిద్ధేంద్రయోగి రచించాడని, కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల బాలురకు దానిని నేర్పాడని సంప్రదాయం. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా 1678లో వీరి ప్రదర్శన చూసి సంతోషించి, కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి మొదలైన ఇంటిపేర్ల వారు ఈ కళను నిలబెట్టారు. మేళాలలో స్త్రీలు పాల్గొనేవారు కాదు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. ఈ వేషాలలో వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) మిక్కిలి ప్రసిద్ధుడు. ఆయనకు 1970లో పద్మశ్రీ లభించినది.

ప్రదర్శన విధానం

ప్రదర్శనకు ప్రత్యేకమైన రంగస్థలం అక్కరలేదు. గుడి ముందు గాని, ఊరి నడిబొడ్డున గాని నేల చదును చేస్తే చాలును. ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకొన్న గుడ్డయే తెర. చాకలివారు కాగడాలు పట్టుకొని నిలబడేవారు. ముఖ్యపాత్ర ప్రవేశించేటప్పుడు కాగడాపై గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేచి, వేషధారి ముఖం చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా స్పష్టంగా కనపడేది. ముఖానికి హరిదళం, కన్నులకు కాటుక వాడేవారు. ఆభరణాలను తేలికైన కొయ్యతో చేసేవారు. సామానంతా మోసుకొని తిరగవలసినవారికి ఇది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

సూత్రధారుడు తాళం వేస్తూ కథను నడిపేవాడు. భామాకలాపంలో సత్యభామ వేషధారి ప్రవేశానికి ముందు తన జడను తెరపై నుండి బయటకు వేసేవాడు. ఇది సభలోని విద్వాంసులకు సవాలు. అనగా మేళం తన ప్రేక్షకులను ఏమీ తెలియని వారిగా భావించలేదు. గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణునితో శాస్త్రచర్చ చేసి అతనికే తత్త్వం బోధిస్తుంది. చదువు రానివారు కూడా ఇటువంటి విషయాలను రాత్రంతా కూర్చొని వినేవారు.

పల్లెలు, పంటలు, పోషణ

మేళం రాకకు, పంటల కాలానికి సంబంధం ఉన్నది. గుంటూరు, ప్రకాశం మైదానాలలో, ఉదాహరణకు చిలకలూరిపేట, చీరాలల మధ్యనున్న పర్చూరు నల్లరేగడి ప్రాంతంలో, పత్తి తీతలు మాఘ మాసానికి చాలావరకు ముగుస్తాయి. మిరప కోతలు చైత్రం వరకు సాగుతాయి. (2022 నుండి పర్చూరు బాపట్ల జిల్లాలో ఉన్నది.) చేతిలో నాలుగు డబ్బులు, రాత్రి మేలుకొనే తీరిక రెండూ ఉండేది అప్పుడే. శ్రీరామనవమి, దేవుని కల్యాణోత్సవాలు, తిరునాళ్ళు కూడా ఈ రోజులలోనే వస్తాయి.

అయితే ఊరందరికీ ప్రదర్శన అన్నమాటను పూర్తిగా నమ్మరాదు. గుడి ముందు జరిగే ఆటను చూడటానికి అన్ని కులాలవారికి ఒకే చోటు ఉండేది కాదు. తెలంగాణలో మాదిగవాడల ఆశ్రయంతో బ్రతికిన చిందు భాగవతులకు తమ సొంత మేళాలు, సొంత ఊళ్ళ హక్కులు ఉండేవి. ఆ సంప్రదాయంలో చిందుల ఎల్లమ్మ వంటి స్త్రీలు కూడా పేరుపొందారు. భాగవత కళను పల్లెలకు చేర్చినవారిలో వారిని మరచి కూచిపూడివారిని మాత్రమే చెప్పటం అన్యాయం.

క్షీణత

19వ శతాబ్దం చివర తెరల నాటకాలు, తరువాత సినిమాలు రావటంతో మేళాలకు ఆదరణ తగ్గినది. చింతా వెంకటరామయ్య నాట్యమండలి యక్షగానాలను కొంతకాలం నిలబెట్టినది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఏకపాత్ర నృత్యాన్ని తీర్చిదిద్ది స్త్రీలకు కూడా నేర్పారు. 1959లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో జరిపిన సదస్సు కూచిపూడి శాస్త్రీయతను చాటినది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించారు. ఈ కృషి వలన కళకు ప్రపంచఖ్యాతి, ఆడపిల్లలకు ప్రవేశం లభించాయి. కాని పల్లెటూరి రాత్రి మాత్రం దానికి దూరమైనది.

విచిత్రమేమంటే, పోషించే అలవాటు పోలేదు. తిరునాళ్ళలో దాతలు, ఊరివారు కలిసి పద్యనాటకాలను పిలిపించటం, జనం ఉచితంగా చూడటం కోస్తా పల్లెలలో సాగుతూనే వచ్చినది. కళ మారినది, చందా మారలేదు. కిరణ్ సేఠ్ 1977లో ప్రారంభించిన స్పిక్ మెకే సంస్థ విద్యాలయాలలో ఉచితంగా శాస్త్రీయ నృత్య ప్రదర్శనలు ఏర్పాటు చేయిస్తున్నది. అక్కడ పిలిచేది ఊరు కాదు, సంస్థ.

మెలట్టూరు

తమిళనాడు తంజావూరు జిల్లాలోని మెలట్టూరులో తెలుగు భాగవత మేళం ఇంకొక రీతిలో నిలిచినది. నాయక రాజుల కాలంలో అక్కడ స్థిరపడిన కుటుంబాలవారు, ప్రతి సంవత్సరం నరసింహ జయంతి సందర్భంగా, మెలట్టూరు వెంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకాలను దైవసేవగా ఆడతారు. ఉద్యోగాల కోసం పట్టణాలకు వెళ్ళినవారు కూడా వేషం కట్టటానికి ఆ రోజులకు స్వగ్రామం చేరుకొంటారు.