అసలు విషయం ఎవరిది?

ఒక అభిరుచి చుట్టూ చేరిన బృందం దాన్ని దాటి మరో విషయంలోకి వెళ్ళాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు తెలంగాణ గ్రంథాలయోద్యమం గుర్తొస్తుంది. ఆ చరిత్రలో ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది. ఎవరి విషయం లోపలికి రాబోతుంటే వచ్చింది అన్నదే మనం అంతగా పట్టించుకోలేదు.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్ళ కోరిక తెలుగు పుస్తకాలు చదువుకోవాలన్నదే. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటర్లో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్రజన సంఘం పుట్టింది. ఆ సభకు అధ్యక్షుడు కార్వే, స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసినవాడు. తెలుగుకు జరిగిన అవమానాన్ని మన చరిత్రకారులు పదేపదే చెప్పారు గానీ, అదే సభ స్త్రీల గురించి ఏమనుకుందో చెప్పేవాళ్ళు తక్కువ.

భాష కోసం పుట్టిన సంఘం భాష దగ్గర ఆగలేదు. వర్తకుల ఇబ్బందుల మీద, వెట్టిచాకిరి మీద చిన్న పుస్తకాలు వేసింది. శాసనాలు సేకరించడానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి వచ్చింది. దాని బాధ్యత మోసిన ఆదిరాజు వీరభద్రరావు మా మధిర ప్రాంతం వాడే. ఇవన్నీ సహజమైన పొడిగింపులుగా సాగిపోయాయి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు భాగ్యరెడ్డివర్మ వేదిక ఎక్కితే మాత్రం కొందరు సనాతనులు లేచి వెళ్ళిపోయారు. హద్దు అక్కడ గుర్తొచ్చిందన్నమాట.

మరి స్త్రీల విషయం? దానికి వేరే సభ పెట్టారు. జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ, 1934లో ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి ఆ మహిళా సభలకు అధ్యక్షులు. మగవాళ్ళ సభ జరిగిన ఊళ్ళోనే, ఆ రోజుల్లోనే. ఆడవాళ్ళకు వేదిక దొరికింది, నిజమే. బాల్యవివాహాలు, వితంతువులు, చదువు - ఇవన్నీ 'వాళ్ళ' విషయాలైపోయి పెద్ద సభకు కొంత బరువు తగ్గింది కూడా. ఈ రెండో సంగతి నాకు మొదటిదానికంటే ముఖ్యంగా తోస్తుంది.

ఇదంతా పాత ముచ్చట కాదు. ఖమ్మంలో మేం పదిమంది ఆడవాళ్ళం నెలకోసారి కలిసి కథలు చదువుకుంటాం. కిందటేడు ఒకామె పోడు భూముల నుంచి తరిమేసిన కోయ ఆడవాళ్ళ గురించి రాసుకొచ్చి చదివింది. "ఇది కథ కాదు కదమ్మా, మనం సాహిత్యం కోసం కలిశాం" అంది ఒక పెద్దావిడ. అంతకుముందు నెల మేం గంటన్నర సేపు ఒకరి అమెరికా ప్రయాణం గురించి విన్నాం. అప్పుడు సాహిత్యం ఎవరికీ గుర్తు రాలేదు.

అయినా ఆవిడ భయాన్ని నేను కొట్టిపారేయలేను. "కథలు చదువుకోను పోతున్నా" అంటే మా ఇళ్ళల్లో పంపిస్తారు. పోడు గొడవంటే పంపరు. నిజాం రాజ్యంలోనూ అంతే. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో గ్రంథాలయం ఒక చాటు. పుస్తకం పేరు చెప్పుకునే మనుషులు ఒకచోట చేరగలిగారు. అంటే 'అసలు విషయం' అనేది కొన్నిసార్లు ఇష్టం, కొన్నిసార్లు గడప దాటడానికి చెప్పుకునే సాకు. ఆ సాకు పోతే ముందు ఆగిపోయేది ఇంట్లో జవాబు చెప్పుకోవాల్సినవాళ్ళే. సంఘాన్ని విస్తరించాలని గట్టిగా వాదించేవాళ్ళు (నాలాంటి ఉద్యోగస్తులు) ఇది మర్చిపోతుంటారు.

విస్తరణకు ఖరీదు ఉంటుంది. 1944లో భువనగిరిలో సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించారు. రైతులు, కూలీలు లోపలికొచ్చారు, మితవాదులు విడిపోయారు. మరుసటేడు ఖమ్మంలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన సభ 1934 నాటి సభలాంటిది కాదు. ఆ నాలుగణాలు లేకపోతే తర్వాతి పోరాటం ఉండేది కాదని నా నమ్మకం. ఆ పోరాటంలోకి వచ్చిన ఆడవాళ్ళేమయ్యారో 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చెప్పింది. అంతా ముగిశాక వాళ్ళని ఇళ్ళకు పొమ్మన్నారు.

ఇంకొక హద్దు నది. బూర్గంపాడు నిజాంది, గోదావరికి అవతలి భద్రాచలం 1860 నుంచి ఇంగ్లీషువాళ్ళది, 1959 దాకా ఖమ్మం జిల్లాలో కలవలేదు. రెండు ఒడ్డుల అడవిలోనూ కోయ మాట వినిపించేది. 1937లో నిజామాబాదు సభలో తెలుగే మాట్లాడాలన్న నియమాన్ని సడలించి, తెలుగు రానివాళ్ళు తమ భాషలో మాట్లాడొచ్చన్నారు. ఆ సడలింపు ఉర్దూ, మరాఠీ, కన్నడం తెలిసిన చదువుకున్నవాళ్ళకు అక్కరకొచ్చేది. పాల్వంచ అడవుల్లో దళాలకు అన్నం పెట్టిన కోయ ఆడవాళ్ళకు అలాంటి సభకు వచ్చే దారే లేదు.