అచ్చుపోసిన ఆంబోతు: ఒంగోలు జాతి ఎంపిక చరిత్ర

తెలుగు తరగతులలో జాతీయాలు వల్లించే రోజులలో “అచ్చోసిన ఆంబోతు” అన్న మాటను మేమందరం తిట్టుగానే నేర్చుకున్నాము. పనీ పాటా లేక, ఎవరి మాటా వినక ఊరిమీద పడి తిరిగేవాడని అర్థం చెప్పారు. అర్థం సరియైనదే. కాని ఆ ఆంబోతు ఏది, దానికి అచ్చు ఎందుకు వేశారు అన్న సంగతి పాఠంలో లేదు. మారిషస్ తెలుగువారు ఆ సంగతి తెలుసుకోవడం అవసరమని మా అభిప్రాయం.

ఒంగోలు పశువుల పుట్టినిల్లు గుండ్లకమ్మ, మూసి నదుల పరిసర ప్రాంతం. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది గనుక ఆంగ్లేయులు వీటిని నెల్లూరు పశువులు అన్నారు. ఆ పేరు తరువాత ఎంత దూరం పోయిందో ముందు చెప్పబోతున్నాము. అక్కడి నల్లరేగడి నేలను దున్నడానికి బరువైన ఎద్దు కావాలి. ఇంట్లో పిల్లలకు పాలు కూడా కావాలి. ఒకే జాతిలో ఈ రెండూ నిలవాలంటే ఏ కోడెను ఆంబోతుగా ఉంచాలో, వేటికి విత్తులు కొట్టించి సేద్యానికి అమ్మాలో తెలిసి ఉండాలి.

సంపన్న గృహస్థు ఎవరైనా కాలం చేస్తే ఆయన పేర ఒక కోడెదూడను దేవునికి వదలడం ఆచారం. ధర్మకార్యమే, కాని దూడను ఎంచడంలో గుడ్డి భక్తి లేదు. ఊరి పెద్దలు, అనుభవజ్ఞులైన రైతులు కూడి దూడలను పరిశీలించేవారు. మొదట చూసేది తల్లిని: ఎన్ని పాలిస్తుంది, సాధువేనా, ఏటేటా ఈనుతున్నదా. తరువాత దూడ: పొడవైన ఒళ్లు, నిటారైన కాళ్లు, ఎత్తయిన మూపురం, మడతలు పడి వ్రేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు. తెల్లని ఒంటికి కంటి చుట్టూ, ముట్టెమీద, గిట్టలకు, తోక కుచ్చుకు నలుపు ఉండాలి. ఎన్నికైన దూడకు శంఖచక్రాలో త్రిశూలమో అచ్చువేసి వదిలేవారు. ఇక దానిని కాడికి కట్టరాదు, కొట్టరాదు. ఎవరి చేలో మేసినా అడ్డు చెప్పరాదు. ఎదకు వచ్చిన ఆవు పేదవానిదైనా ధనికునిదైనా ఆ ఆంబోతే గతి. 1843లో కోరంగి రేవునుండి ‘కొరింగా పాకెట్’ ఓడలో మన పూర్వికులు ఈ దీవికి బయలుదేరిన నాటికి కూడా ఇటువంటి ఆచారం పల్లెలలో సాగుతూనే ఉంది.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. ఒకే ఆంబోతు ఏళ్ల తరబడి ఒకే ఊరిలో ఉంటే తన కూతుళ్లనే దాటుతుంది. విత్తులు కొట్టించని నాసి కోడెలు కూడా మందలో తిరిగేవి. అయినా ఊరంతటికీ ఒక్క మంచి ఆంబోతు, దాని మేత ఖర్చు ఊరంతా భరించడం, ఇది తేలికైన ఏర్పాటు కాదు. బీళ్లు సాగులోకి వచ్చి, వాణిజ్య పంటలు పెరిగిన కొద్దీ చేలో పడిన ఆంబోతును సహించే ఓపిక తగ్గింది. తిట్టు పుట్టింది ఆ కోపంలోనేనని మాకు తోస్తుంది.

ఇరవయ్యవ శతాబ్దంలో ప్రభుత్వం ఆ బాధ్యతను కొంత తలకెత్తుకున్నది. చింతలదేవి, లాం, చదలవాడలలో పశుక్షేత్రాలు వెలిశాయి. 1940లో మద్రాసు ప్రభుత్వం పశువుల అభివృద్ధికి చట్టం చేసింది. అంతవరకు ఊరు చేసిన నిర్ణయం అధికారి చేతికి వచ్చింది.

ఇక బ్రెజిల్ సంగతి. 1868లో ఒక ఓడ సాల్వదోర్ రేవులో ఆగినప్పుడు ఒంగోలు జంట ఒకటి అక్కడ అమ్ముడుపోయిందని చెబుతారు. 1878లో మనోయెల్ ఉబెల్‌హార్ట్ లెమ్‌గ్రూబర్ అనే రైతు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో మరొక జంటను కొన్నాడు. నెల్లూరు అక్కడ ‘నెలోర్’ అయింది. కాని పశువులతోబాటు రోగం కూడా ఓడ ఎక్కుతుంది. మన దీవికి అది బాగా తెలుసు: 1901–02లో భారతదేశపు పశువులతో వచ్చిన సుర్రా వ్యాధి చెరకు బండ్లు లాగే పశువులను ఊచకోత కోసింది, తోటలలో చిన్న రైలు పట్టాలు విస్తరించడానికి అదొక కారణం. 1920లో బ్రెజిల్‌కు పోయే భారతీయ పశువుల ద్వారా బెల్జియంలో రిండర్‌పెస్ట్ చెలరేగింది, 1921లో బ్రెజిల్‌లోనూ కనిపించింది. దిగుమతులు నిషేధించారు. 1960ల ఆరంభంలో మళ్లీ ప్రత్యేక అనుమతితో వచ్చిన పశువులను ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో విడిగా ఉంచి పరీక్షించిన తరువాతనే లోపలికి రానిచ్చారు. ఆ దిగుమతులలో వచ్చిన ఒక ఆంబోతు పేరు కర్వాడి. అది ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరే. ఆ జాతి వంశావళులలో ఆ పేరు నేటికీ గౌరవంగా కనిపిస్తుంది.

మన పశువు బ్రెజిల్‌ను ఏలుతున్నదని చెప్పి సంతోషించడం మనవారికి అలవాటు. బ్రెజిల్ పశువులు ఇరవై కోట్లకు మించినవి, వాటిలో అధిక భాగం నెలోర్ రక్తమే, నిజమే. కాని వారు 1938 నుండి వంశావళి గ్రంథం ఉంచి, బరువు తూచి, పెరుగుదల కొలిచి, మాంసం కోసం ఆంబోతులను ఎంచారు. కాడి మోసే ఎద్దు వారికి అక్కరలేదు. ఎంచే కన్ను మారినప్పుడు కొన్ని తరాలలో పశువూ మారుతుంది. అందువల్ల నెలోర్‌ను మన ఒంగోలుకు అన్నదమ్ముల బిడ్డ అనవచ్చు గాని, మన ఒంగోలే అనడం మాకు సమ్మతం కాదు.

పుట్టిన సీమలో దున్నే పని ట్రాక్టరుది, పాల పని సంకరజాతి ఆవులది, గేదెలది అయింది. ఒంగోలు సంఖ్య తగ్గిపోయింది. పశుక్షేత్రాలు ఎంచిన ఆంబోతుల వీర్యాన్ని నిలువ చేసి ఆవులకు ఇస్తున్నాయి. గ్రామాలలో బండలాగుడు పోటీలకోసం మేపే గిత్తలమీద ఇప్పటికీ లక్షలు ఖర్చు పెట్టేవారున్నారు. అక్కడ ఎంపికకు కొలత బండ ఎంత దూరం జరిగిందన్నదే, తల్లి ఎన్ని పాలిచ్చిందో ఎవరూ అడగరు.