పెలొపొనీసు యుద్ధము: నిమిత్తమును హేతువును

క్రీ. పూ. 431 మొదలు 404 వఱకు గ్రీసుదేశమున జరిగిన మహాసమరమును మనము పెలొపొనీసు యుద్ధమనుచున్నాము. ఇది ఏథెన్సు ప్రక్కనుండి చూచినవారి పేరు. ఆ చరిత్రను రచించిన థ్యూసిడిడీసు, తాను ఏథెన్సువాఁడయ్యును, పెలొపొనీసీయులును ఏథెన్సువారును పరస్పరము చేసిన యుద్ధమని గ్రంథారంభముననే వ్రాసెను. ఆయన ద్వంద్వముగాఁ జెప్పినదానిని తరువాతివారు తత్పురుషము చేసిరి. అందుచే దోషము ఒక పక్షమునకే అంటినట్లు తోఁచుచున్నది.

స్పార్టా కూటమికిని ఏథెన్సు కూటమికిని 445 ప్రాంతమున 30 ఏండ్ల సంధి కుదిరియుండెను. దానిని కదల్చినది ఎపిడమ్నసను మాఱుమూల పట్టణము. అది కొర్సిరావారి వలస. కొర్సిరాయో కొరింతువారి వలస. 435లో ఎపిడమ్నసు ప్రజలు, తాము వెడలఁగొట్టిన ధనికులచేఁ బీడితులై, కొర్సిరాను శరణువేఁడిరి. అది విననందున కొరింతును ఆశ్రయించిరి. ఇట్లు తల్లికిని అమ్మమ్మకును పోరు పుట్టెను.

433లో ఇరువురి దూతలును ఏథెన్సు సభ కెక్కిరి. కొర్సిరాతో ‘సుమ్మఖియా’ చేసికొన్నచో కొరింతుపై దండెత్తవలసివచ్చును, సంధి భగ్నమగును. కావున ఏథెన్సువారు ‘ఎపిమఖియా’ చేసికొనిరి. అనఁగా దాడి వచ్చినపుడు మాత్రమే తోడ్పడుట. ధాతువొక్కటే, ఉపసర్గ మాత్రము వేఱు! ఆ ఉపసర్గను నమ్ముకొని 10 ఓడలు బయలుదేఱినవి. కొరింతువారు కొర్సిరా నేలపై దిగఁబోయిననే తప్ప పోరవలదని ఆజ్ఞ. సిబోటాకడ కొర్సిరావారు ఓడిపోవుచుండఁగా ఆ భేదము నిలువలేదు. ఏథెన్సువారు కొరింతువారితోఁ దలపడిరి.

పిదప పొటిడియా ముట్టడి, మెగరా వర్తకులపై నిషేధము. ఇవన్నియు నిమిత్తమాత్రములనియు, ఏథెన్సు వృద్ధియు దానివలన స్పార్టాకుఁ గలిగిన భయమును నిజమైన హేతువనియు థ్యూసిడిడీసు మతము. పండితులు దీనినే వల్లించుచున్నారు. నాకిది అసంపూర్ణముగాఁ దోఁచుచున్నది. 440లో సేమోసు ఏథెన్సుపైఁ దిరుగఁబడినపుడును ఆ హేతువు లేకపోలేదు. అయినను పెలొపొనీసీయులు కదలలేదు. తామే అడ్డుపడితిమని కొరింతు దూతలు చెప్పుకొనిరి. 432లో వారే స్పార్టా సభలో, మీరు తోడురానిచో మఱియొక మైత్రిని వెదకికొందుమని బెదరించిరి. రాజగు ఆర్కిడామసు తొందరవలదన్నను సభ వినలేదు. స్పార్టాకు శత్రుభయమెంతయో మిత్రవియోగభయమును అంతయే.

431లో థీబ్సువారు రాత్రివేళ ప్లాటియాపైఁ బడుటతో పోరు మొదలయ్యెను. 430లో ఏథెన్సున మహామారి; 429లో పెరిక్లీసు మరణము; 421లో నిలువని సంధి; 413లో సిసిలీయందు సేనానాశము. తుదకుఁ బారసీకుల ధనముతో స్పార్టా నౌకాబలము పెంచి 405లో ఈగోస్పొటామికడ గెలిచెను. మఱుసటియేఁడు ఏథెన్సు లొంగఁగా దానిని నేలమట్టము చేయుఁడని కొరింతు పట్టుపట్టెను, స్పార్టా ఒప్పుకొనలేదు. 395లో ఆ కొరింతే ఏథెన్సుతోఁ గూడి స్పార్టాపైఁ గత్తి దూసెను.