మన్యంలో సికిల్ సెల్, రక్తనాళాల్లో గడ్డలు

అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో రక్తం గడ్డకట్టే జబ్బుల గురించి చెప్పాలంటే సికిల్ సెల్ దగ్గరే మొదలుపెట్టాలి. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే ఈ వంశపారంపర్య వ్యాధి తూర్పు కనుమల గిరిజనుల్లో తరాలుగా ఉంది. వైద్యశాస్త్రం కంట పడింది మాత్రం ఆలస్యంగానే. షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో దీన్ని వర్ణించాడు. లోపం హిమోగ్లోబిన్‌లో ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం తేల్చింది. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు.

మన్యంలో ఇది నిలవడానికి కారణం మలేరియా. ఒకప్పుడు మైదానంవాళ్లు 'మన్యం జ్వరం' అని హడలిపోయింది దీనికే. ఈ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే ప్రాణాంతక మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే వ్యాధి. జ్వరాన్ని తట్టుకున్న కుటుంబాల్లో జన్యువు మిగిలింది. ఈ వ్యాధిని గిరిజనుల తిండికో అలవాట్లకో అంటగట్టడం అన్యాయం.

రక్తం నాళంలో గడ్డకట్టడానికి మూడు కారణాలు చెబుతారు: ప్రవాహం మందగించడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తం గుణం మారడం. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో నిలిచిన సూత్రమిది. సికిల్ సెల్‌లో ఈ మూడూ కలుస్తాయి. చలికో, ఒంట్లో నీరు తగ్గో కణాలు వంగి సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకలు పిండేసినట్టు నొప్పి. ఇది ఇంకా గడ్డ కాదు. ఆ కణాలు పగిలి, గోడలు వాచి, ప్లేట్‌లెట్లు అంటుకుంటే అసలు గడ్డలూ మొదలవుతాయి. కాలి సిరలో ఏర్పడితే ఒక పిక్క మాత్రమే వాస్తుంది. అది విడిపడి ఊపిరితిత్తుల్లోకి చేరితే ఊపిరి అందదు. మెదడు ధమని ఇరుకైతే పసిపిల్లలకు కూడా పక్షవాతం వస్తుంది.

సికిల్ సెల్‌ను వేలి రక్తపు చుక్కతో మొదట ప్రాథమిక పరీక్ష చేసి, ఎలక్ట్రోఫోరెసిస్‌తోనో హెచ్‌పీఎల్‌సీతోనో నిర్ధారిస్తారు. కాలి గడ్డను డాప్లర్ స్కాన్, ఊపిరితిత్తుల గడ్డను సీటీ యాంజియోగ్రామ్ పట్టిస్తాయి. ఈ యంత్రాలు పెద్దాసుపత్రుల్లో ఉంటాయి. అరకు నుంచి విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) నూరు కిలోమీటర్ల పైమాటే. బండి దారి లేని ఊళ్లవాళ్లు ముందు డోలీ మీద కొండ దిగాలి.

1916లో జే మెక్‌లీన్ పరిశోధనతో మొదలైన హెపారిన్ నేటికీ గడ్డలకు తొలి మందుల్లో ఒకటి. తర్వాత వచ్చిన వార్ఫరిన్ వాడేవాళ్లు రక్తం గడ్డకట్టే వేగం చూసే ఐఎన్ఆర్ పరీక్ష పదేపదే చేయించుకోవాలి. వారానికోసారి సంతకు దిగడమే కష్టమైన మనిషికి అది సాగే పని కాదు. ఆ పరీక్ష అక్కర్లేని అపిక్సాబాన్ లాంటి మాత్రలు తగినచోట కొండ ఊళ్లకు మేలు. సికిల్ సెల్ వ్యాధికే అయితే హైడ్రాక్సీయూరియా: నొప్పి దాడులు బాగా తగ్గుతాయని 1995లో రుజువైంది. దానితోపాటు చాలామందికి రాసే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి సారథి మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు.

2047 నాటికి సికిల్ సెల్ వ్యాధిని తొలగించాలని కేంద్రం 2023 జూలైలో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు అందులో మొదటి మెట్టు. పరీక్షలో వ్యాధి బయటపడిన బిడ్డకు హైడ్రాక్సీయూరియా ఏ నెలా తప్పకుండా దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి.