పంట కాపలా తుపాకి

మాలో ఒకరి ఇంట్లో, అటక మీద, ఒక తుపాకి చాలా ఏళ్లు ఉండేది. మాచర్ల కొండల పక్కన ఒక సుగాలి తండా అది. ఆ తుపాకిని తండా అంతా ‘రైఫిలు’ అనేవాళ్లు. కొన్న తాత కూడా అలాగే అనేవాడు. అది రైఫిలు కాదు. ఆ సంగతి మాకు తెలియడానికి రెండు తరాలు పట్టింది. ఎందుకు కాదో వెతుక్కుంటూ పోతే తండా చరిత్ర కాస్తా దేశ చరిత్రలోకి వెళ్లింది.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కింది ఊళ్లకు మాగాణి వచ్చింది. తండా ఎత్తు మీద ఉంది కాబట్టి మావాళ్లకు వాన నీళ్లే దిక్కు. జొన్న, వేరుశనగ, కొద్దిగా మిరప వేసేవాళ్లు. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో అడవిపందులు మందగా వచ్చి ఒక్క రాత్రిలో అరెకరం తవ్వి పోసేవి. మిరప జోలికి అంతగా పోవు గాని, వేరుశనగ చేలోకి పోయే దారిలో తొక్కి పెట్టేవి. మంచె మీద పడుకుని కిరసనాయిలు డబ్బా వాయించడం, వడిసెల తిప్పడం, ఇదే కాపలా. డబ్బా మోతకు పందులు మూడో రోజుకే అలవాటు పడతాయని తాత చెప్పేవాడు.

మరుసటి ఏడు పాడిగేదెను అమ్మి తుపాకి కొన్నాడు. అంతకుముందు లైసెన్సు కోసం నెలల తరబడి తిరిగాడు. లైసెన్సు పుస్తకంలో ‘పంట కాపలాకు’ అని రాసిచ్చారు. దుకాణం పేరు, ఊరు పేరు ఇక్కడ అనవసరం. కొత్త తుపాకి, చెక్క మీద నూనె మెరుపు కూడా పోలేదు. గొట్టం నోట్లో మందు పోసి, పీచు దట్టించి, సీసపు గుళ్లు వేసి, మళ్లీ పీచు దట్టించి, వెనక మొన మీద చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే రకం. గొట్టం వెనక కొసను ఒక మరబిళ్లతో బిగిస్తారు. ఆ మరలే సరిగా కోయలేదు. మొదటి నాలుగైదు సార్లు తక్కువ మందుతో పేల్చాడు, ఏమీ కాలేదు. ఒక రాత్రి పెద్ద పంది ఎదురుపడితే మందు సరిపడా వేశాడు. మంట ముందుకు పోయినంత వెనక్కీ వచ్చింది. కుడి చెంప కాలింది. కుడి కన్ను పోయింది. పంది తాపీగా వెళ్లిపోయిందట.

చెంప మానాక తుపాకి మోసుకుని దుకాణానికి వెళ్లాడు. ‘మందు ఎక్కువ వేసి ఉంటావు’ అన్నారు. లైసెన్సులో ఆ తుపాకి నెంబరు ఎక్కింది, ఇక మార్చాలన్నా అమ్మాలన్నా మళ్లీ అర్జీ పెట్టుకోవాలి అన్నారు. తిరుగుదారిలో కమ్మరి దగ్గర ఆగాడు. కమ్మరి గొట్టాన్ని దీపం దగ్గర పెట్టి చూసి, తప్పెక్కడుందో వెంటనే చెప్పాడు. చేయి మాత్రం వేయలేదు. ‘నాయకా, నేను దీన్ని ముట్టుకుంటే ఇద్దరం లోపలికి పోతాం’ అన్నాడు.

కమ్మరి మాట నిజమే. ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడు తుపాకి చేయడం, అమ్మడం మాత్రమే కాదు, బాగు చేయడం కూడా నేరం. చేతనైనవాడు ఊళ్లోనే ఉన్నాడు, చేయడానికి వీల్లేదు. ఇది ఎలా వచ్చిందో చూడాలంటే వంద సంవత్సరాలు వెనక్కి పోవాలి.

తెలుగు నేలకు ఇనుము పని కొత్త కాదు. నిర్మల్ పక్కన కోనసముద్రంలో తీసిన ఉక్కు కత్తుల కోసం పశ్చిమాసియా దాకా పోయింది. నిర్మల్‌లో, హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోతపోశారు. గన్‌ఫౌండ్రీని ఫ్రెంచివాడు రేమాండ్ 1786లో పెట్టించాడు. మా బంజారాలు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ మొగలుల సైన్యాల వెంట, తర్వాత కంపెనీ సైన్యాల వెంట నడిచారు. తుపాకిని చూసి బెదిరే జాతి కాదు. తుపాకి మన చేతికి ఎందుకు సరిగా రాలేదో చెప్పేటప్పుడు ‘వాళ్లకు తెలియక’ అనే మాట చాలామంది రాస్తారు. అది అబద్ధం.

1857లో తిరుగుబాటు కొత్త ఎన్‌ఫీల్డ్ రైఫిలు తూటాల దగ్గర మొదలైందని బడి పుస్తకాల్లో ఉంటుంది. తర్వాత ఏం జరిగిందో ఉండదు. రైఫిలు అంటే గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉన్న తుపాకి. ఆ గాడుల వల్ల గుండు గిరగిరా తిరుగుతూ సూటిగా, దూరంగా పోతుంది. గాడులు లేని నున్న గొట్టంలో గుండు నూరు గజాలు దాటితే ఎటు పోతుందో దానికే తెలియదు. తిరుగుబాటు అణిగాక తెల్ల సిపాయిలకు రైఫిళ్లు ఉంచి, నల్ల సిపాయిలకు అదే ఎన్‌ఫీల్డ్‌ను గాడులు లేకుండా చేయించి ఇచ్చారు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఫ్యాక్టరీలో కొత్తగా, కావాలనే, లోపంతో తయారైన తుపాకి అది. సూటిగా పేలకపోవడమే దాని పని.

1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. భారతీయుడు లైసెన్సు లేకుండా ఆయుధం పట్టకూడదు, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. ఊళ్లలో తుపాకులు బాగు చేసే పనివాళ్ల చేతుల్లోంచి పని జారిపోయింది. అదే కాలంలో ఇంగ్లండులో తుపాకి కొనేవాడికి వేరే రక్షణ ఉంది. లండన్‌లో చాలాకాలంగా, బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి పరీక్షాశాలలు ఉన్నాయి. ప్రతి గొట్టంలో మామూలు కంటే ఎక్కువ మందు వేసి పేల్చి, పగలకుండా నిలిస్తేనే ముద్ర వేస్తారు. ముద్ర లేని గొట్టం అమ్మడం నేరం. అక్కడ చట్టం తుపాకి మీద అనుమానపడింది, ఇక్కడ చట్టం మనిషి మీద అనుమానపడింది.

మన్యంలో ఆ అనుమానం ఫలితం 1922లో కనిపించింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు, కోయ, బగత వీరులు మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు పట్టి 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు తీసుకున్నారు. కొనుక్కునే దారి చట్టం మూసేసింది కాబట్టి ఆయుధం సర్కారు ఇంట్లోనే దొరికేది. తుపాకి ఎన్నాళ్లయినా ఉంటుంది, తూటా అయిపోతుంది. 1924కు అస్సాం రైఫిల్స్ దిగేనాటికి ఎక్కువమంది చేతుల్లో విల్లంబులే ఉన్నాయి. అదే 1922లో మన పల్నాడులో పుల్లరి కట్టమన్నందుకు ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతును మించాలపాడులో కాల్చి చంపారు. అప్పుడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. రెండేళ్ల తర్వాత మన్యానికి స్పెషల్ కమిషనరుగా పంపింది కూడా ఆయన్నే. మన జిల్లా కథా మన్యం కథా వేరు వేరు పాఠాలుగా చెప్పే టీచర్లు ఈ ఒక్క పేరుతో రెంటినీ కలిపి చెప్పవచ్చు.

వేట తుపాకి గొట్టం కొలతను కూడా ఆ భయమే నిర్ణయించింది. 1907లో పాయింట్ 450 బోరు రైఫిళ్లను దేశంలోకి రానివ్వలేదు. ఆ తూటా పాత సైన్యం తుపాకుల్లో పనికొస్తుందని భయం. సైన్యం వాడే పాయింట్ 303 కూడా మామూలు జనానికి నిషేధమే. అందుకే కలకత్తా దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీ జనానికి అమ్మే వేట రైఫిలు పాయింట్ 315 బోరుతో ఉంటుంది, ఈనాటికీ. సైన్యం తూటా అందులో పట్టదు. పులి వేటకు వచ్చే దొరలకు, జమీందార్లకు ఆ మాత్రమైనా దొరికింది. నల్లమల చెంచుల మధ్య ఉండి 1943లో పుస్తకం వేసిన ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ వర్ణించిన చెంచు వేటగాడి చేతిలో ఉన్నది మాత్రం విల్లే. 1930 జనవరిలో గాంధీ వైస్రాయి ముందు పెట్టిన పదకొండు కోరికల్లో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. ఉప్పు అందరికీ గుర్తుంది, ఇది గుర్తులేదు.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. 1962 అక్టోబరు నుంచి అమలు. తెల్లవాళ్ల మినహాయింపు పోయింది. తాత లైసెన్సు ఈ చట్టం కిందిదే. పదమూడో సెక్షనులో రైతు గురించి ఒక ముక్క ఉంది. పంట కాపలాకు నిజంగా అవసరమైతే నోట్లో మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలి. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే అప్పుడు మరో నున్న గొట్టం తుపాకి ఇవ్వవచ్చు. రైఫిలు మాటే అక్కడ లేదు. మేము ఆ ముక్క చదివినప్పుడు తాత తుపాకి సంగతి తేలిపోయింది. వానాకాలం రాత్రి, తడిసిన మందుతో, ఒక్క దెబ్బ వేసి మళ్లీ నింపుకోవడానికి నిమిషం పట్టే తుపాకి. మరలు సరిగ్గా కోసి ఉన్నా సరే, పందుల మంద ముందు అది సగం తుపాకే.

అందరికీ ఇలాగే జరిగిందా అంటే, లేదు. కర్ణాటకలో కొడగు ఉంది. 1857లో అక్కడివాళ్లు కంపెనీ పక్షాన నిలిచారని మెచ్చి, కొడవలకు, అక్కడి జమ్మా భూముల వాళ్లకు ఆయుధాల చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు స్వతంత్ర దేశంలోనూ నడిచింది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. కొడవల మీద మాకు కోపం లేదు, వాళ్ల ఇళ్లలో తుపాకి పండగ ఉంది, గౌరవం ఉంది. ఆ 1857 లెక్కలోనే ఒకరికి గౌరవం, ఇంకొకరికి గాడులు లేని గొట్టం దక్కాయి. మన జిల్లాలో ఎరుకల కుటుంబాలకు దక్కింది బాపట్ల పక్కన 1913లో పెట్టిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. పంట మీద పడ్డ పందిని కొట్టాలన్నా అటవీ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఒక చట్టం పంట కాపలాకు తుపాకి ఇస్తుంది, ఇంకో చట్టం పేల్చే ముందు కాగితం అడుగుతుంది. అడవి జంతువులు మిగలాలని మేమూ కోరుకుంటాం. కానీ ఈ రెండు కాగితాల మధ్యలో రైతు ఏం చేస్తున్నాడో అందరికీ తెలుసు. చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నాడు. దానికి పందులే కాదు, పొద్దున్నే చేలకు పోయే కూలీలు, పశువుల కాపరులు కూడా తగిలి చనిపోతున్నారు. పత్రికలో రెండు లైన్ల వార్త వస్తుంది.

తాత ఆ తర్వాత మళ్లీ తుపాకి పేల్చలేదు. లైసెన్సు మాత్రం గడువు అయినప్పుడల్లా కొత్త చేయించేవాడు, లేకపోతే ఇంట్లో ఉన్న ఇనుము నేరమవుతుందని భయం. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకిని స్టేషన్లో అప్పగించాల్సి వచ్చేది. ఒంటికన్ను తాత పేలని తుపాకిని గుడ్డలో చుట్టి నడుచుకుంటూ పోయి ఇచ్చి, రసీదు తీసుకుని, ఎన్నికలయ్యాక వెళ్లి తెచ్చుకునేవాడు. ఆ రసీదులు ఇప్పటికీ వాళ్ల ఇంట్లో రేకుపెట్టెలో ఉన్నాయి. వాటిలో ఆయుధం స్థితి అన్నచోట ప్రతిసారీ ఒకటే మాట రాసి ఉంది: ‘బాగున్నది’.