పురుషాంగ వక్రతకు కర్షణ చికిత్స

శ్రీరాంపూరు బొగ్గుగనిలో నైటు షిఫ్టు ముగించి పైకి వచ్చిన కార్మికుడు నడుము నొప్పినైతే పక్కవానితో చెప్పుకొనును గాని, మర్మాంగమున గడ్డ యేర్పడి అది వంగుచున్నదన్న మాటను ఆలితోనైనను చెప్పజాలక, గోడమీది గుప్తరోగ వైద్యుని ప్రకటనను చూచి, కష్టార్జితమును అచ్చట పోసి వచ్చుట కలదు. అట్టివారి కొరకే, వంగినదానిని లాగి సరిచేయు ఈ కర్షణ చికిత్స పుట్టుపూర్వోత్తరములు తెలుగున వ్రాయవలసియున్నవి.

లాగి సరిచేయుట మన వైద్యమునకు క్రొత్త గాదు. విరిగిన యెముకలను లాగి, నొక్కి, కూర్చి, కట్టుకట్టు విధమును సుశ్రుతుడు వివరించెను. లింగవృద్ధిని గోరి శూకములను (నీటిపురుగులను) అక్రమముగా ప్రయోగించుకొనువారికి కలుగు వ్యాధులు 18 అని నిదానస్థానమున లెక్కించి చెప్పినవాడును ఆయనయే. చికిత్సకును వ్యామోహమునకును నడుమ ఆయన గీచిన గీత నేటికిని చెరగలేదు.

1743లో ఫ్రాన్సు రాజు పదునైదవ లూయీ శస్త్రవైద్యుడు లా పెయిరోనీ ఈ వక్రతను వర్ణించి, బారేజ్ ఊటనీటిని మందుగా చెప్పెను. వ్యాధికి ఆయన పేరే నిలిచినది. అంగమును చుట్టియుండు గట్టిపొరలో మచ్చ ఏర్పడి, ఆ పక్క సాగక, అంగము అటు వంగును. 1965లో నెస్బిట్ ప్రకటించిన శస్త్రచికిత్స ఎదుటి పక్కను కుదించి కుట్టునది గనుక, వంకర తీరును గాని పొడవు కొంత తగ్గును. కోత లేని మార్గమును వైద్యులు వెదకుటకు ఈ లోపము ఒక ముఖ్యకారణము.

మెల్లగా, ఎడతెగక లాగినచో కణజాలము క్రొత్తగా పెరుగునని రష్యాలోని కుర్గాన్ నగరమున శస్త్రవైద్యుడు ఇలిజరోవ్ ఎముకల విషయమున నిరూపించెను. కర్షణ పరికరమునకు ఆ సూత్రమే ఆధారము. అంగపు మొదలున నొక ఉంగరము, దానికిరువైపుల మరతో పొడిగింపదగిన రెండు సన్నని కడ్డీలు, కొనను పట్టియుంచు మెత్తని పట్టీ: ఇంతే దాని నిర్మాణము.

ఫలితముల సంగతి కొంత నిదానించి చూడవలెను. 2008లో అమెరికాలో లెవైన్ బృందము పదిమందిపై జరిపిన పరిశీలనలో, దినమునకు 2 నుండి 8 గంటల చొప్పున ఆరు నెలలు ధరించినవారికి వంకర సగటున 51 డిగ్రీలనుండి 34కు తగ్గెను. మరుసటి యేట ఇటలీలో గొంతేరో బృందము 15 మందిలో చూడగా, 31 డిగ్రీలు 27 మాత్రమే ఆయెను. ఈ రెంటను పరికరము లేని జట్టుతో పోలిక లేదు. 2019లో మేయో క్లినిక్ వైద్యులు 110 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మాత్రము దినమునకు 30 నుండి 90 నిమిషములు క్రొత్త పరికరమును వాడించి, మూడు నెలలలో సగటున 11.7 డిగ్రీల మేలును, ఒకటిన్నర సెంటీమీటరు పొడవును చూచిరి. షిఫ్టుల వెంట బ్రదుకీడ్చు గనికార్మికునికి ఎనిమిది గంటల బంధనము కుదరని పని. అరగంట మాత్రము కుదురును. నా దృష్టిలో గొప్ప పురోగతి యిదియే.

మేలు పరిమితమే, వక్రత పూర్తిగా పోవునని చెప్పుట అసత్యము. ఆరోగ్యవంతునికి పొడవు పెంచెదమను ప్రకటనలు శాస్త్రమును మించినవి. లైంగికశక్తిని పెంచెదమని మందులను చాటుటను మన దేశమున 1954 నాటి చట్టమే నిషేధించినది. గడ్డ గాని వంకర గాని కనిపించినవారు ప్రకటనల వెంటబడక, సిగ్గు విడిచి యూరాలజిస్టునకు చూపించుకొని, ఆయన చెప్పిన పిమ్మటనే పరికరమును తాకవలెనని నా మనవి.