వేడి కాపడం – సిస్టర్ కెన్నీ

చాలాసేపు కదలక కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోవటం, నడుము పట్టివేయటం అందరికీ అనుభవమే. అట్టి నొప్పికి ఇసుక మూటతోగాని, వేడినీళ్లలో పిండిన గుడ్డతోగాని కాపడం పెట్టటం మన ఇండ్లలో పాత అలవాటు. ఈ సామాన్యమైన ఉపాయమే ఇరవయ్యవ శతాబ్దంలో ఒక పెద్ద వైద్య వివాదానికి కారణమయింది.

పోలియో వైరస్ వెన్నుపాములో, కండరాలను నడిపే నాడీకణాలను దెబ్బతీస్తుంది. అప్పుడు ఆ కండరాలు చచ్చుబడతాయి. బలమైన కండరం బలహీనమైన దానిని లాగి అవయవం వంకరపోతుందని ఆనాటి వైద్యులు భయపడ్డారు. అందువలన పిల్లల కాళ్లు చేతులను బద్దలతోను, ప్లాస్టరు కట్లతోను నెలల తరబడి కదలకుండా బిగించేవారు. కాని కదలిక లేని కండరం క్షీణిస్తుంది, కీలు బిగుసుకుపోతుంది. వ్యాధి బాధకు చికిత్స బాధ తోడయ్యేది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు పల్లెలలో నర్సుగా పనిచేసిన ఎలిజబెత్ కెన్నీ (1880–1952) దీనికి భిన్నమైన మార్గం అనుసరించింది. 'సిస్టర్' అనేది ఆమెకు 1917లో సైనిక నర్సుల దళంలో లభించిన హోదా. ఆమె ఉన్ని గుడ్డలను మరిగే నీళ్లలో ముంచి, చర్మం కాలకుండా నీరంతా పిండివేసి, నొప్పిపెట్టే కండరాలకు చుట్టేది. కీళ్లను మాత్రం వదిలివేసేది. నొప్పి శాంతించిన పిమ్మట అవయవాన్ని మెల్లగా కదిలించి, రోగికి కదలిక మళ్లీ నేర్పేది.

వేడి తగిలినచోట రక్తనాళాలు వ్యాకోచించి రక్తప్రసారం హెచ్చుతుంది. కండరాల బిగువు సడలుతుంది. నొప్పి తగ్గినందువలన రోగి కదలగలుగుతాడు. కాపడం యొక్క ముఖ్య ప్రయోజనం ఇదే.

క్వీన్స్‌లాండు ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 1938లో, బద్దలు విప్పివేయటాన్ని తీవ్రంగా ఖండించింది. 1940లో కెన్నీ అమెరికా వెళ్లింది. మినియాపొలిస్ వైద్యులు ఆమె చికిత్సను స్వయంగా చూచి ఆదరించారు. 1942లో ఆ నగరంలో ఆమె పేర ఒక చికిత్సాలయం వెలసింది. క్రమంగా బద్దల పద్ధతి వెనుకబడింది.

అయితే వ్యాధి లక్షణాలకు ఆమె ఇచ్చిన వివరణలను శాస్త్రజ్ఞులు అంగీకరించలేదు. చనిపోయిన నాడీకణాలను ఏ కాపడమూ బ్రతికించలేదు. పోలియోను అరికట్టినవి 1955లో వాడుకలోకి వచ్చిన సాల్క్ టీకా, ఆ తరువాత వచ్చిన సేబిన్ చుక్కల మందు. 2014లో భారతదేశం పోలియోరహిత దేశంగా గుర్తింపు పొందింది.

చికిత్స ఫలించినంత మాత్రాన దానికి చెప్పిన కారణం నిజం కానక్కరలేదు. కారణం తప్పయినంత మాత్రాన చికిత్స వ్యర్థమూ కాదు. రెండింటినీ వేరువేరుగా పరీక్షించాలని కెన్నీ చరిత్ర తెలుపుతున్నది.